తిరిగివచ్చినవాడు మరల బయలుదేరునప్పుడు

మూలవాక్యములు: అపొస్తలుల కార్యములు 14:26–28, 16:1–15, 18:22–23



ఈ నెల ధ్యానానికి ఒక చిన్న విషయం తీసుకున్నాను. చిన్నదే గాని అనేక కుటుంబాలలో అది కన్నీళ్ళ దాకా పోతున్నది. పరదేశంలో కొన్నేండ్లు ఉద్యోగం చేసిన బిడ్డ ఇంటికి తిరిగివస్తాడు. తలిదండ్రులు దేవునికి స్తోత్రం చెప్పి కృతజ్ఞత కూడిక పెట్టిస్తారు. నాలుగు నెలలు గడవకముందే ఆ బిడ్డ, "నాయనా, ఈ ఎండాకాలం యూరప్ తిరిగి వస్తాను, నా డబ్బుతోనే పోతాను" అంటాడు. అంతటితో ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

మా రాయల్పాడు వైపు ఈ చిక్కు ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. మాది శ్రీనివాసపురం తాలూకా, మామిడితోటల సీమ. మే మొదలు జూలై దాకా కాయలు కోసే కాలం. తోట ఉన్న ఇంటికి ఇంకొక మనిషి అవసరమయ్యేది అప్పుడే. యూరప్‌లో పగలు పొడుగై, రైళ్ళు యౌవనస్థులతో నిండేదీ అప్పుడే. "ఏమప్పా, ఇన్నేండ్లకు వచ్చినావు, కాయలు కోసే పొద్దులో మళ్ళీ ఊర్లు తిరగతాననేది ఏం న్యాయం?" అని తండ్రి అడుగుతాడు. "ఆరేండ్లు ఒకరి కింద చేసినాను, రెండు నెలలు నాకోసం ఉండకూడదా నాయనా?" అని కొడుకు అడుగుతాడు. ఇది ఒక్క ఇంటి మాట కాదు, ఒక్క ఊరి మాట కాదు. ఇద్దరి మాటలోనూ సత్యమున్నది. చివరికి సంగతి సంఘపెద్దల దగ్గరకు వస్తుంది. "పంపాలా, ఆపాలా, మీరే చెప్పండి" అంటారు.

ప్రియులారా, లేఖనము ఈ ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పదు. ప్రయాణము పాపమని గాని, ఇంట్లో ఉండుటే భక్తి అని గాని పరిశుద్ధ గ్రంథములో ఎక్కడా లేదు. లేఖనము వేరొక ప్రశ్న వేస్తుంది: ఈ బిడ్డ ఇంటినుండి పారిపోతున్నాడా, ఇంటిచేత పంపబడుతున్నాడా? పరదేశమునుండి ఇంటికి వచ్చి, తరువాత ఐరోపా గడ్డమీద అడుగుపెట్టిన ఒక మనిషి మన బైబిలులోనే ఉన్నాడు. ఆయన అపొస్తలుడైన పౌలు. ఆయన ప్రయాణమును కొంచెము ధ్యానించుదము.

1. తిరిగివచ్చినవానిని చెప్పనివ్వండి

పౌలు, బర్నబాలు కుప్రలోను, పంఫూలియ, పిసిదియ, లుకయొనియ దేశాలలోను తిరిగి అంతియొకయకు వచ్చారు. లుస్త్రలో పౌలు మీద రాళ్ళు రువ్వి, చనిపోయాడనుకొని ఊరి బయటకు ఈడ్చివేశారు. అట్టి ప్రయాణము ముగించి వచ్చిన తరువాత వారు చేసిన మొదటి పని ఏమిటి? సంఘమును సమకూర్చి, దేవుడు తమకు తోడై చేసిన కార్యములన్నీ వివరించారు. తరువాత శిష్యులతో చాలాకాలం గడిపారు. వారు ఏమి సంపాదించి తెచ్చారో లూకా వ్రాయలేదు. వారు చెప్పినదీ, సంఘము కూడుకొని విన్నదీ వ్రాశాడు.

మన ఇండ్లలో జరిగేదేమిటి? "ఎంత మిగిల్చినావు? సైటు ఎప్పుడు తీసుకుంటావు? సంబంధాలు చూడమంటావా?" ఇవి తప్పు ప్రశ్నలు కావు. ఇల్లు నడవాలంటే అడగవలసినవే. అయితే ఒక గదిలో ఎనిమిదిమంది పడుకున్న రాత్రులను గూర్చి ఎవరు అడిగారు? ఎవరి హాలులోనో తలుపులు వేసుకొని జరుపుకున్న శుక్రవారపు ఆరాధనను గూర్చి ఎవరు అడిగారు? పక్క మంచం స్నేహితుడు జబ్బుపడి పోతే, వాని పెట్టె సర్ది వాని ఊరికి పంపిన దినమును గూర్చి ఎవరు అడిగారు?

విమానం దిగినంత మాత్రాన తిరుగు ప్రయాణము ముగియదు. చెప్పేవానికి వినేవారు దొరికినప్పుడే అది ముగుస్తుంది. తిరిగివచ్చిన వెంటనే మళ్ళీ పోతాననే బిడ్డలలో కొందరికి కావలసినది యూరప్ కాదు. ఎవ్వరూ లెక్క అడగని చోటు వారికి కావాలి. ఆ చోటు మన ఇంట్లోనే ఒక సాయంకాలం దొరికియుంటే, ప్రయాణము మాట వేరే విధముగా వచ్చేదేమో!

2. పంపేవారు ఉండవలెను

పౌలు రెండవసారి బయలుదేరినప్పుడు సహోదరులు అతనిని ప్రభువు కృపకు అప్పగించి పంపారు. లుస్త్రలో తిమోతి అనే యౌవనస్థుడు అతనితో కలిశాడు. తిమోతి వెనుక తల్లియైన యూనికే, అవ్వయైన లోయి విశ్వాసమున్నది. లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరుల మంచి సాక్ష్యమున్నది. ఆ యౌవనస్థుడు సముద్రము దాటి మాసిదోనియకు పోయినప్పుడు ఒంటరిగా పోలేదు.

మార్కు అనబడిన యోహానును కూడా మరువవద్దు. అతడు మొదటి ప్రయాణములో పెర్గేనుండి వెనుకకు తిరిగి వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో లేఖనము చెప్పలేదు. అతని విషయమై పౌలుకు, బర్నబాకు తీవ్రమైన వాదము కలిగి వారు వేరైపోయారు. అయినా తన చివరి దినములలో పౌలు, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని వ్రాసి అతనిని పిలిపించుకున్నాడు. మధ్యలో తిరిగివచ్చినవానికి, దారి మార్చుకున్నవానికి ఇంటి తలుపు మూయరాదు.

ఇప్పటి ప్రయాణపు కాగితాలలోనూ నేర్చుకోవలసిన పాఠమున్నది. షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు తిరగవచ్చును. ఏ 180 దినములలోనైనా 90 దినములకు మించి ఉండరాదు. 2024 జూన్ నుండి పెద్దవారికి దాని రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండవలెను. ఇంగ్లండుకు పోవాలంటే వేరే వీసా. ఇవన్నీ ముందే తెలిసికొని, కూడబెట్టిన సొమ్ములోనే సర్దుకొని పోవడం బుద్ధిమంతుని లక్షణము. తల్లి నగలు కుదువపెట్టి, వడ్డీకి తెచ్చి చేసే విహారమును నేను ఎవరికీ చెప్పను.

ఆ వీసా అధికారి తప్పక చూచే సంగతి ఒకటున్నది: ఈ మనిషి తిరిగివస్తాడనుటకు ఋజువు ఏమిటి? దానికి ఉద్యోగపు ఉత్తరము, బ్యాంకు లెక్క, కొందరు తండ్రి పేరిట ఉన్న తోట పహణి కూడా జతచేస్తారు. అధికారికి ఆ కాగితాలు చాలును. తలిదండ్రులారా, మీకు చాలునా? పహణి కాగితము ఏ బిడ్డనూ ఇంటికి రప్పించలేదు. తన పేరెత్తి ప్రార్థించే గొంతు ఇంట్లో ఉన్నదని ఎరిగిన బిడ్డకు ఇంటి దారి గుర్తుంటుంది.

కుమారులను పంపి కుమార్తెలను ఆపే ఇండ్లకు కూడా ఒక మాట. ఐరోపా గడ్డమీద పౌలు మాట విని బాప్తిస్మము పొందినవారిలో లూకా మొదట పేరుపెట్టి చెప్పినది ఒక స్త్రీని. ఆమె ఊదారంగు పొడిని అమ్ముతూ ఊరుగాని ఊరిలో బ్రతికిన లూదియ. జాగ్రత్తలు చెప్పండి, తోడు చూడండి. ఆడపిల్ల అన్న ఒక్క కారణముతో కాళ్ళు కట్టవద్దు.

3. కన్నులు తెరచి వెళ్ళండి

యౌవనస్థులారా, ఇప్పుడు మీతో. త్రోయలో పౌలు చూచిన దర్శనములో మాసిదోనియ దేశస్థుడు నిలిచి సహాయము అడిగాడు. పౌలు ఫిలిప్పీకి వెళ్ళి, విశ్రాంతిదినమున నది ఒడ్డున కూర్చొని, అక్కడి స్త్రీలతో మాటలాడాడు. లూదియ స్వస్థలము తుయతైర, అనగా ఆసియా. సముద్రము దాటి పోయిన పౌలుకు అక్కడ మొదట తన ఇల్లు తెరచినది ఇంకొక వలస మనిషి! వలస వచ్చినవారమైన మనకు ఇంతకంటే ఆదరణకరమైన సంగతి ఏమున్నది? మీరు పోయిన ఊరిలో గోపురాలను మాత్రమే చూడవద్దు. గదులు తుడిచేవారిని, రొట్టెల అంగడిలో నిలబడేవారిని చూడండి. వారిలో ఎందరో మనవలె ఇల్లు విడిచి వచ్చినవారే.

మీరు రాత్రి బస చేసే యూత్ హాస్టళ్ళ చరిత్ర ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాకు చాలా ఇష్టము. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909లో పిల్లలను నడక యాత్రకు తీసికొనిపోయాడు. తుపాను వాన పట్టుకొన్నది. ఒక ఊరి బడిలో తలదాచుకొన్నారు. సెలవులలో బడులు ఖాళీగా ఉంటాయి గదా, నడిచిపోయే పిల్లలకు వాటిలో పడక ఇస్తే ఏమి అని ఆ రాత్రి ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన హాస్టలు ఏర్పడింది. అతిథికి చోటివ్వాలన్న ఒక పంతులు తలంపు వలన నేడు మీకు తక్కువ ధరకు మంచము దొరుకుతున్నది. ఆ మంచము మీద పడుకొనేముందు స్తోత్రము చెప్పండి.

మన బాప్తిస్టు సంఘాల వేళ్ళు కూడా ఆ దేశాలలో ఉన్నవి. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ మొదలైన ఆంగ్లేయులు విశ్వాస బాప్తిస్మము మీద సంఘము కట్టారు. వారు కూడా స్వదేశములో నెమ్మది లేక వలస వచ్చినవారే. 1792 అక్టోబరు 2న ఇంగ్లండులోని కెటరింగ్‌లో ఒక విధవరాలి ఇంట కూడిన కొద్దిమంది 13 పౌన్లు 2 షిల్లింగుల 6 పెన్నీలు ఇస్తామని వ్రాసిపెట్టి మిషనరీ సంఘము ప్రారంభించారు. విలియం కేరీ మన దేశానికి వచ్చినది ఆ సంఘము పంపగానే. 1834లో హాంబర్గ్‌లో ఆంకెన్, మరి ఆరుగురు రాత్రివేళ ఎల్బె నదిలో బాప్తిస్మము పొందారు.

కోలారు బిడ్డలకు ఇంకొక చోటు చెప్తాను. అది ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ మన బంగారు గనులు చేపట్టినప్పుడు, అక్కడి గని పనివారు ఇక్కడికి వచ్చారు. వారిని మన పెద్దలు దొరలన్నారు. అయితే 1866 నాటికి రాగి ధర పడిపోయి, వారి గనులు మూతపడి, పొట్ట చేతబట్టుకొని దేశదేశాలకు పోయినవారు వారు. వారి తల్లులు కూడా ఉత్తరము కోసం, మనియార్డరు కోసం వాకిట ఎదురుచూచినవారే. అక్కడ సౌత్ క్రాఫ్టీ గని 1998లో మూతపడింది. మన కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అక్కడ కప్పులేని ఇంజను గృహాలు నిలిచి ఉన్నవి. ఇక్కడ సయనైడు మట్టి గుట్టలు నిలిచి ఉన్నవి. మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయే మనవారిని ఎరిగిన బిడ్డ, కార్న్‌వాల్ కొండమీద నిలబడినప్పుడు దొర, కూలి అన్న పాత మాటల వెనుక ఒకే రకమైన ఆకలిని చూడగలడు. ఇట్టి చూపు ఇచ్చే ప్రయాణము వ్యర్థము కాదు.

ఇంకొక మాట. అక్కడ గొప్ప గొప్ప దేవాలయాలలో ఖాళీ బెంచీలు కనబడితే మీ విశ్వాసము సడలనియ్యవద్దు. అదే పట్టణములో ఏదో అద్దె హాలులో వలసవారు తమ భాషలో పాడుకుంటూ ఉంటారు. ఆదివారము వారిని వెదకి పోయి కూర్చోండి. లూదియ ఇల్లు నేటికీ తెరిచే ఉన్నది.

4. మరల వచ్చి చెప్పండి

కొరింథులో ఏడాదిన్నర ఉండి, ఎఫెసు మీదుగా, కైసరయలో ఓడ దిగి పౌలు మరల అంతియొకయకే వచ్చాడు. అక్కడ కొంతకాలముండి తిరిగి బయలుదేరాడు. అంతియొకయ అతనికి చెరసాల కాలేదు, సత్రమూ కాలేదు. అది పంపే ఇల్లు, వినే ఇల్లు.

కాబట్టి తలిదండ్రులారా, తోట పని గూర్చి, ఖర్చు గూర్చి మాట్లాడకముందు ఒక సాయంకాలము బిడ్డను కూర్చోబెట్టుకొని ఆ పరదేశపు సంవత్సరములను గూర్చి అడగండి. మధ్యలో లెక్కలు తేవద్దు. యౌవనస్థులారా, చెప్పకుండా టికెట్టు కొని, కొన్న తరువాత తెలియజేయవద్దు. కాయల పని ఎవరు చూస్తారో కూడా మీరే ఆలోచించి, కూలికి మనిషిని కుదిర్చి, లేదా కోత ముగిసిన తరువాత ఆగస్టులో బయలుదేరి, తండ్రి భారమును గౌరవించండి. ఆగస్టులోనూ అక్కడ ఎండ ఉంటుంది. సంఘపెద్దలారా, ఉద్యోగానికి పోయేవారి కోసం ప్రార్థించినట్లే లోకము చూడబోయే బిడ్డ తలమీదనూ చేతులుంచి ప్రార్థించండి. తిరిగివచ్చిన ఆదివారము అతనికి పది నిమిషాలు ఇవ్వండి. ఫోటోలు చూచుటకు కాదు, దేవుడు చూపించినది వినుటకు.

అట్లు చేసిన తరువాత కూడా ఆ బిడ్డ మరల ఎక్కడికో పోవచ్చును. పోనివ్వండి. పంపబడినవానికి తిరిగివచ్చే ఇల్లు ఉంటుంది. పారిపోయినవానికి లోకమంతా తిరిగినా దిగే స్టేషను ఉండదు.

మన రాకపోకలను కాపాడు దేవుడు, మీలో దూరముగా ఉన్నవారిని, తిరిగివచ్చినవారిని, మరల బయలుదేరుచున్నవారిని తన రెక్కల నీడలో భద్రపరచి, అందరినీ ఒకనాడు నిత్యగృహమునకు చేర్చును గాక. ఆమేన్.