ధైర్యం చెప్పడం ఎవరి పని?

కష్టంలో ఉన్న స్నేహితురాలికి మనం ధైర్యం చెప్పాలా, ఆమె చెప్పేది వినాలా? రెండూ ఒకటే అనుకుంటాం. కొత్తగూడెంలో ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న కొందరమ్మాయిలతో కొంతకాలంగా మాట్లాడుతున్నాక, మొదటిది ఒక్కోసారి రెండోదానికి అడ్డుపడుతుందని నాకనిపిస్తోంది.

వీళ్ళలో ఎక్కువమంది సింగరేణి కార్మికుల కూతుళ్ళు. 1952 గనుల చట్టం ఆడవాళ్ళని భూగర్భంలో పనికి రానివ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల వరకు ఆ నిషేధాన్ని సడలించింది. తండ్రి పనిచేసే బాయి దారి ఇంతకాలం మూసుకుపోయి ఉన్న ఆడపిల్లలకి, ఇంట్లో కూర్చుని నేర్చుకునే కోడింగ్ ఒక తలుపులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2003లో మొదలైన ఎన్‌పీటెల్, 2017లో వచ్చిన స్వయం పాఠాలని ఉచితంగానే ఇస్తున్నాయి. కానీ పాఠం వినడానికి కావలసిన గంట, గది, ఫోను ఉచితంగా దొరకవు.

ఒకరికొకరు తోడుగా ఉండాలని ఈ అమ్మాయిలు వాట్సాప్‌లో గ్రూపుగా చేరారు. పెట్టుకున్న నియమం ఒకటే: నెగెటివ్ మాటలు వద్దు. ఒక రోజు ఒకమ్మాయి ‘ఇక నా వల్ల కాదు’ అని రాసింది. క్షణాల్లో ‘నువ్వు చేయగలవు’, ‘పాజిటివ్‌గా ఉండు’ అంటూ పువ్వులూ సూర్యోదయాలూ వచ్చిపడ్డాయి. ఆమె ‘థాంక్స్’ అని పెట్టి, మాట్లాడటం మానేసింది. రెండు రోజుల తర్వాత ఇంకో అమ్మాయి విడిగా ఫోన్ చేసి, ‘‘ఎక్కడ ఆగినవ్? ఫోన్ నీ చేతికి ఎన్ని గంటలకొస్తది?’’ అని అడిగింది. అప్పుడు తెలిసింది సంగతి. తండ్రి నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటాడు, రెండు గదుల క్వార్టర్లో గొంతెత్తడానికి లేదు. సాయంత్రమైతే ఫోన్ తమ్ముడి చేతిలో ఉంటుంది. అందరూ కలిసి చదువుకునే వేళని తెల్లవారుజాముకి మార్చారు. ఆమె తిరిగొచ్చింది. ప్రోగ్రాం ఆగితే ఏ లైన్ దగ్గర ఆగిందో కంప్యూటరే చెబుతుంది. మనిషి ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరో ఒకరు అడగాలి.

అమెరికన్ రచయిత్రి బార్బరా ఎరన్‌రైక్ రొమ్ము క్యాన్సర్ చికిత్స కాలంలో తన చుట్టూ వినిపించిన ఉల్లాసబోధకి విసిగిపోయింది. 2009లో రాసిన ‘బ్రైట్-సైడెడ్’లో ఆమె చెప్పిందేమిటంటే, సానుకూల ఆలోచన చివరికి నిందని బాధితుల మీదికే తోస్తుందని. ఓడిపోయావంటే నువ్వు గట్టిగా నమ్మలేదనే అర్థం. ఈ తర్కం మనకి కొత్తదా? మన అమ్మమ్మలకి చెప్పిన ‘ఓర్చుకో’నే కదా ఇప్పుడు ‘పాజిటివ్‌గా ఉండు’ అంటున్నాం?

అలాగని ధైర్యవచనాన్ని తీసిపారెయ్యలేను. తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ వినిపించే ‘నువ్వు చేయగలవు’ అన్న మాట కొందరమ్మాయిలు మొదటిసారి విన్నది ఈ గ్రూపులోనే. ఆ మాటకి విలువ ఉంది. అయితే దాన్ని పలికే శ్రమ ఎవరిది? ప్రతి కన్నీటికీ జవాబిచ్చేది అదే ఇద్దరు ముగ్గురు. అర్ధరాత్రి దాకా ఓదార్చిన అమ్మాయి తన అసైన్‌మెంట్ గడువు దాటబెట్టుకుంటుంది. విమాన పరిచారికల నవ్వు కూడా శ్రమేనని ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లోనే రాసింది. వాళ్ళ నవ్వుకి కనీసం జీతం ఉంది. ఇక్కడ దాని పేరు స్నేహం, అందుకే లెక్కలోకి రాదు.

‘సపోర్ట్’ అన్న మాట ఈ ఊరి మగవాళ్ళకి బాగా తెలుసు. బాయిలో కప్పు కూలకుండా నిలిపే దుంగలూ బోల్టులూ సపోర్టే. అది పెట్టేముందు కప్పుని తట్టి, చప్పుడు వింటారు. డొల్లగా మోగితే, మోగిందని చెప్పి తీరాలి. చెప్పినవాణ్ణి నిరాశావాది అని అక్కడెవరూ అనరు. మన స్నేహాల్లో ఆ మాట అనగలిగే చోటు లేకుండా చేసి, దానికి ‘సంతోషంగా ఉండటం’ అని పేరు పెడితే, ఆ సంతోషం ఎవరి నెత్తిన నిలబడి ఉన్నట్టు?

వినే పనిని వంతులవారీగా పంచుకోవాలి. ‘నా వల్ల కాదు’ అన్నదాన్ని ఓటమిగా కాక, సమాచారంగా తీసుకోవాలి. ఆశ ఆ తర్వాతి మాట.