ముందు సభ, తర్వాత నది

ఈ వారం వీడియోలో బకాసుర వధ కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక ఒక ముఖ్యమైన మాట మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నా.

మాది బోధన్. భారతంలోని ఏకచక్రపురం మా ఊరేనని పెద్దలు చెప్తారు. చిన్నప్పుడు ఈ కథలో నాకు భీముడు, బండెడు అన్నం మాత్రమే గుర్తుండేవి. ఇప్పుడు చదివితే కుంతీదేవి దగ్గర ఆగిపోతున్నా. లక్క ఇంటి నుంచి తప్పించుకుని, పిల్లలతో తలదాచుకోవడానికి వచ్చిన తల్లి ఆమె. ఆశ్రయమిచ్చిన వాళ్ల ఇంట్లో ఏడుపు వినిపించింది. "వాళ్ల కర్మ, మనకెందుకు" అనుకోలేదు. లేచి వెళ్లి, ఏమైందని అడిగింది. రాక్షసుడి చావు ఆ ఒక్క ప్రశ్నతోనే మొదలైంది.

మరి అదే ఊరి వాణ్ణి, నేనేం చేసిన?

మా గల్లీలో నా ఈడు పిల్లగాడు ఒకడుండేవాడు. నడవలేడు, మాట స్పష్టంగా రాదు. నేను బడికి పోతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. నేను ఇంజనీరింగ్‌లో చేరిన 2015లో, డిసెంబర్ నెలలో నిజాం షుగర్స్ మూతపడ్డది. ఊర్లో ఎక్కడ చూసినా అదే ముచ్చట. కానీ ఆ కిటికీ వెనక ఒక పిల్లగాడి చదువు ఎప్పుడో మూతపడిందని ఎవ్వరం మాట్లాడలే. "పోయిన జన్మల చేసుకున్నది" అని పెద్దోళ్లు అంటే నేనూ తలూపిన.

ఆ మాట తప్పని మన గ్రంథమే చెప్తుంది. వనపర్వంలో అష్టావక్రుడి కథ చూడండి. కడుపులో ఉండగానే తండ్రి అధ్యయనంలో తప్పు చూపించినందుకు, ఆ తండ్రి కోపంతో ఇచ్చిన శాపం వల్ల ఎనిమిది వంకరలతో పుట్టాడు. అందులో పిల్లవాడి పాపం ఏముంది? కర్మ గురించి పెద్దలు చెప్పింది మన పని మనం సరిగ్గా చేయడానికి. ఎదుటివాళ్ల కష్టానికి తీర్పు చెప్పడానికి కాదు.

కథలో ఇంకో సంగతి ఉంది. జనకుడి యాగశాల దగ్గర ద్వారపాలకుడు అతణ్ణి ఆపేశాడు, పిల్లలకు లోపలికి ప్రవేశం లేదని. అష్టావక్రుడు వాదించి లోపలికి వెళ్లాడు. వందిని ఓడించి తండ్రిని విడిపించుకున్నాడు. ఆ తర్వాతే సమంగా నదిలో మునిగితే వంకరలు పోయాయి. ఈ వరుస గమనించండి. ముందు సభ, తర్వాత నది. మనం తిరగేసి చెప్తాం: "ముందు నయం కానీయ్, తర్వాత బడి చూద్దాం" అని. ఆసుపత్రులు, మొక్కులు తిరిగేలోపు పిల్లల వయసు అయిపోతుంది.

చట్టం కూడా ముందు సభ అనే అంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత చదువు హక్కు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కూడా దయతో ఇచ్చేవి కావు, చట్టం చెప్పినవే. మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక టీచర్లు చదువు చెప్తారు, ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు. ఫోన్ పట్టుకుని పుట్టినట్టుండే మనకు అదెంత పని?

పోయిన దసరాకు ఊరికెళ్లినప్పుడు ఆ ఇంటికి పోయిన. కార్డుకు అప్లై చేద్దామని చెప్పి, బడి హక్కు సంగతి కూడా చెప్పిన. వాళ్లమ్మ అంతా విని, "ఇదంతా అప్పుడు లేకుండెనా బిడ్డా?" అని అడిగింది.

ఉండె. 18 ఏళ్ల దాకా ఉచిత చదువు అన్న మాట 1995 చట్టంలోనే ఉంది. మా ఇద్దరి బాల్యమంతా ఆ హక్కు ఉంది. చెప్పినోళ్లే లేరు. ఆమెకు నేనేం జవాబు చెప్పాలి?

అప్లికేషన్ అయితే నింపిన. వాడు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపిండు. బడి రోజులు మాత్రం నేను తెచ్చియ్యలేను.

అందుకే ఒక్కటే అడుగుతున్నా. మీ గల్లీలో, మీ అపార్ట్‌మెంట్‌లో అట్లాంటి కిటికీ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం పూజ అయినాక వెళ్లి తలుపు తట్టండి. జాలి మాటలు వద్దు. "బాబు ఏ బడికి పోతున్నాడమ్మా?" అని అడగండి. పోవట్లేదంటే సోమవారం వాళ్లతో కలిసి బడికి వెళ్లండి. ద్వారం దగ్గర ఎవరైనా ఆపితే, అష్టావక్రుడి పక్షాన నిలబడండి. అదీ పూజే.

శ్రీకృష్ణార్పణమస్తు. వచ్చే వారం కలుద్దాం.