సిలోయము గోపురమును చెయ్యేటి కట్టయు

ధ్యాన వాక్యభాగము: లూకా సువార్త 13:1–9



నవంబరు మాసము వచ్చినప్పుడెల్ల మన కమలాపురం ప్రాంతపు సంఘములలో ఒక ప్రశ్న లేచుచున్నది. ఆరాధన ముగిసి చాపలు చుట్టుచుండగా ఎవరో ఒక పెద్దాయన గాని, ఒక అవ్వ గాని మెల్లగా అడుగుదురు: "అయ్యగారూ, ఆ యేటిలో కొట్టుకొని పోయినవాళ్లు మనకంటె ఎక్కువ పాపము చేసినారా?" ఈ ప్రశ్నకు కొందరు బోధకులు వెనుకముందు చూడక అవునని చెప్పివేయుచున్నారు. ప్రభువు ఆలాగు చెప్పలేదు. అందుచేత ఈ మాసము ఆ సంగతినే ధ్యానింప తలంచితిమి.

ఏ వరదయో మీకు గుర్తు చేయనక్కరలేదు. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేది తెల్లవారుజాము. బంగాళాఖాతములోని వాయుగుండము మన కొండలమీద ఆగక కురిసెను. పైనున్న పింఛ జలాశయపు కట్ట తెగెను. ఆ నీరంతయు దిగువకు దూకి, చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను త్రోసివేసెను. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మొదలగు ఊళ్లమీద నీరు పడెను. ముప్పదిమందికి పైగా చనిపోయిరి. వారిలో ఇంట నిద్రలేవనివారు కొందరు, బస్సులో ప్రయాణము చేయుచున్నవారు కొందరు. ఆ దినము కార్తీక పున్నమి గనుక యేటి ఒడ్డున గుడిలో దీపము పెట్టుకొనుటకు వెళ్లినవారు కొందరు.

ఆ వానలకే మన పాపఘ్ని కూడ పొంగెను. కమలాపురమునకు, వల్లూరుకు నడుమనున్న పెద్ద వంతెన క్రుంగి కూలెను. కడపకు పోవలసినవారు అనేక దినములు చుట్టుదారులు పట్టిరి. పాపఘ్ని యనగా పాపమును నాశనము చేయునది అని అర్థము. పేరు ఎంత గొప్పదైనను ఆ నీటికి పాపియెవడో నీతిమంతుడెవడో తెలియదు. అది వంతెనను కూల్చినది, అంతే. పాపమును తీసివేయు పని ఏ యేటికిని ఇయ్యబడలేదని మనము ఎరుగుదుము గదా.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. కొందరు ప్రభువునొద్దకు వచ్చి, పిలాతు గలిలయులను చంపించి వారి రక్తమును వారి బలుల రక్తముతో కలిపిన సంగతి చెప్పిరి. ఈ చోట ఒక నిమిషము నిలువుడి. ఆ గలిలయులు చనిపోయినది ఎక్కడ? ఆరాధన స్థలములో, బలి అర్పించుచుండగా. భక్తి చేయుచున్న వేళ మరణము వచ్చినది గనుక వారి భక్తి దేవునికి అసహ్యమైనదని జనులు తలంచియుందురు. గుడి మెట్లమీద నీటికి చిక్కినవారిని గూర్చి మనలో కొందరు గొణిగిన మాట ఇదే. ఆ మాట మనకు తగదని మేము ఖండితముగా చెప్పుచున్నాము. ప్రభువు ఆ గలిలయులను గూర్చి అడిగి, కాదు అని ఒక్క మాటతో త్రోసివేసెను. అంతటితో ఊరకుండక, ఎవరును అడుగకయే తానే మరియొక సంగతి తెచ్చెను. సిలోయములోని గోపురము పడి పదునెనిమిదిమంది చచ్చిరి. వారును యెరూషలేము కాపురస్థులందరికంటె అపరాధులు కారు.

సిలోయము నీళ్ల చోటు. అక్కడ కోనేరున్నది. కొండను తొలిచి నీటిని ఊరిలోనికి తెచ్చిన సొరంగము అక్కడికే వచ్చును. అట్టి చోట మనుష్యులు కట్టిన కట్టడము మనుష్యులమీద పడినది. చెయ్యేటి కట్టకు ఇంతకంటె దగ్గర పోలిక గ్రంథమంతటను మాకు కనబడలేదు. వాన దేవుడు కురిపించెను, నిజమే. కట్ట మాత్రము మనుష్యులు కట్టిరి, గేట్లు మనుష్యులు పెట్టిరి. ఆ గేట్లలో ఒకటి తెరచుకొనలేదని తరువాత అందరికిని తెలిసినది. మనుష్యుడు చూచుకొనవలసిన పనిని చూచుకొనక, పడిన తరువాత దానికి దేవుని ఉగ్రత అని పేరు పెట్టుట సులువు. చనిపోయినవారిమీద నింద వేయుట ఇంకను సులువు, వారు మారు మాటాడరు గనుక.

ఈ తేదిని గూర్చి ఒక మాట. దివిసీమ ఉప్పెన వచ్చినది కూడ నవంబరు 19వ తేదియే, 1977వ సంవత్సరము. సముద్రము లేచి కృష్ణా తీరపు పల్లెలమీద పడగా పదివేలమంది మరణించిరి. వారిలో మన విశ్వాసుల కుటుంబములును ఉన్నవి. రెండు నాశనములు ఒకే తేదిన వచ్చినవని కొందరు లెక్కలు కట్టి, కాగితములు పంచి, రాబోవు దినమును కూడ చెప్పుచున్నారు. నవంబరు నెల వాయుగుండముల కాలము. దానికి ఇంతకంటె మర్మము లేదు. అట్టి కాగితములను పొయ్యిలో పెట్టుడి.

నీరు తీసిన తరువాత చెయ్యేటి ఒడ్డున మిగిలినది ఇసుక. నిన్నటి వరి మడి, అరటితోట, నిమ్మతోట ఏదియో గుర్తుపట్ట వీలులేకుండ మోకాలి లోతున, కొన్నిచోట్ల మనిషి లోతున ఇసుక మేటలు వేసెను. గట్లు పోయెను, హద్దురాళ్లు పోయెను, బావులు పూడెను. మరికొన్ని చేలలో ఇసుక పడలేదు గాని పైమన్ను కోసుకొని పోయి అడుగు రాయి తేలెను. అంగుళము మందము మంచి మన్ను కూడుటకు వందల యేండ్లు పట్టునని నేలను పరీక్షించువారు చెప్పుదురు. అది ఒక్క ఉదయమున పోయినది. ఇల్లు పోయినవానికి ఇల్లు కట్టి ఇయ్యవచ్చును. మన్ను పోయినవానికి ఎవరు మన్ను చేసి ఇత్తురు? దివిసీమలో సముద్రపు నీరు నిలిచిన పొలములకు ఉప్పు పట్టెను. ఆ ఉప్పు వానకు కడిగి దిగువరకు రైతు కనిపెట్టవలసి వచ్చెను. సృష్టి యంతయు ప్రసవవేదన పడుచు మూలుగుచున్నదని పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు (8:22) ఏదో అలంకారమునకు వ్రాసెనని పట్టణములో ఉండువారు తలంచవచ్చును. ఇసుక మేటలో నిలిచి తన మడి ఎక్కడనో వెదకిన రైతుకు ఆ వచనము అలంకారము కాదు.

అయినను మరియొక ప్రక్క కూడ చెప్పకున్న సత్యము సగమగును. మన కమలాపురపు రేగడి నేల, శనగయు జొన్నయు పండు ఈ నల్లని నేల, ఎట్లు వచ్చినది? యేరులు యుగయుగములుగా కొండలను నూరి పల్లమునకు తెచ్చినది. మన దేవాలయములో పరచిన కడప బండను చూడుడి. అది సున్నపురాయి. మన లెక్కకందని కాలము క్రిందట ఈ సీమయంతయు సముద్రము క్రింద ఉండగా అడుగున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినది. ఆదివారము మనము మోకాళ్లూనుచున్నది ఒకప్పటి సముద్రపు అడుగుమీద! భూమిని చీల్చిన నీరే భూమిని కట్టినది. గండికోటయొద్ద కొండను కోసిన పెన్నయే దిగువన పైరునకు ఒండ్రు తెచ్చినది. దేవుడు చేసిన భూమి కుండవలె కాల్చి ప్రక్కన పెట్టినది కాదు, ఇంకను చేయబడుచున్నది. దానిమీద కాపురముండువారు దాని నడతను తెలిసికొని మసలుకొనవలెను.

మన పెద్దలు దానిని కొంత తెలిసికొనిరి, కొంత మరచిరి. 1902వ సంవత్సరము సెప్టెంబరులో ముద్దనూరు ఆవల మంగపట్నం వద్ద, పెద్దవానకు రైలు వంతెన కొట్టుకొని పోగా, రాత్రివేళ వచ్చిన మెయిలుబండి ఆ వంకలో పడి 70 మందికి పైగా చనిపోయిరి. ఏడాదిలో చాల దినములు ఇసుక తప్ప నీరు కనబడని వంకలు మనవి. అందుచేతనే మోసపోవుదుము. ఎండిన వంక చచ్చిన వంక కాదు.

వరద మనకు చుట్టమువలె ఎప్పుడో వచ్చి పోవును. కరువు ఇంటి మనిషి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి సీమలు చితికిపోయెను. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనములో దాదాపు నాలుగవ వంతు తగ్గిరి. వాన రాలేదు, నిజమే. కాని ఆ దినములలోనే చెన్నపట్నపు రేవునుండి ఓడలలో ధాన్యము ఎగుమతి అగుచుండెను. కరువు పనులు చేయు కూలీలకు దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని దొరలు నిర్ణయించిరి. వానను ఆపినది మనుష్యుడు కాడు, అన్నమును ఆపినది మనుష్యుడే.

ఆ కరువులోనే ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వు గుత్త తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించిరి. మేము మెచ్చుకొనునది అది మాత్రమే కాదు. అన్నము కొరకు ఎవరును బాప్తిస్మము అడుగకూడదని, కరువు సహాయము జరిగినంత కాలము ఆయన బాప్తిస్మమియ్యకుండిరి. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదిన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆపదలో ఉన్నవాని చేతికి గిన్నె ఇచ్చుచు ఆ చేతినే పట్టి లాగవద్దని ఇందులో మనకు పాఠమున్నది. వరద గ్రామములకు బియ్యముతో వెళ్లు మన యౌవనులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక. అంతియొకయ సంఘము కరువు వచ్చునని అగబు చెప్పగా విని, ఎవరి శక్తికొలది వారు యూదయకు పంపిరి (అపొ. కార్య. 11:28–30). ఎవరి పాపమువలన ఆ కరువు వచ్చెనో వారు విచారించినట్లు అక్కడ వ్రాయబడలేదు.

మన తరములో నేలను గూర్చి క్రొత్త భయమొకటి వచ్చినది. 2015 చివర పెద్దవానల తరువాత కడపకు దగ్గర చింతకొమ్మదిన్నె మండలములో పొలములయందు నేల ఉన్నట్టుండి బావివలె గుండ్రముగా క్రుంగెను. జనులు హడలిపోయి, కోరహును భూమి మ్రింగిన కథ చెప్పుకొనిరి. సంగతి ఏమనగా, సున్నపురాయి నీటికి కరుగును. కరిగి లోపల గుహలగును. బెలుము గుహలు అట్లు ఏర్పడినవే. లోపలి నీరు నిండియున్నంతకాలము పైనేలకు అది ఊతము. బోరుమీద బోరు వేసి, వందల అడుగుల లోతునుండి నీరంతయు తోడిన తరువాత ఆ ఊతము పోవును. అటుపైన ఒక్కసారి పెద్దవాన పడగా మన్ను తడిసి, బరువెక్కి, జారిపడును. కోరహు దినములవలె కాదు. ఇక్కడ మన చేతిపని కొంత కలిసియున్నది. యేటి ఇసుక తోడినకొలది వంతెన స్తంభముల పునాదులు తేలుననియు, చెరువు పూడినకొలది వరదకు అడ్డు తగ్గుననియు మన రైతులకు చెప్పనక్కరలేదు.

మీరు మారుమనస్సు పొందనియెడల అని ప్రభువు చెప్పిన రెండవ మాట ఇప్పుడు అర్థమగును. వారు పాపులు గనుక చచ్చిరని ఆయన అనలేదు, చూచుచున్న మీరు మారుడి అనెను. చచ్చినవారిమీద చాచిన వ్రేలును త్రిప్పి మనవైపు చూపెను. ఆ వెంటనే చెప్పిన ఉపమానము ఏది? అంజూరపు చెట్టు. సాధారణముగా ఈ ఉపమానమును గోపురపు సంగతినుండి విడదీసి బోధింతుము, అది సరికాదని మా అభిప్రాయము. మూడేండ్లు ఫలములేని చెట్టును నరికివేయుమని యజమానుడనగా, తోటమాలి ఈ యేడు కూడ ఉండనిమ్మని బ్రతిమాలెను. ఊరక బ్రతిమాలలేదు. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. ప్రార్థనయు పారయు ఒకే మనిషి చేతిలో ఉన్నవి. మనకు ఇయ్యబడిన గడువు ఆ ఒక్క సంవత్సరమే.

కాబట్టి మన సంఘములకు మేము కోరునది ఇది. ఎండకాలములో ఊరి చెరువు ఎండినప్పుడు పూడు తీసి ఆ మన్ను చేలకు తోలుకొనుటకు, మతమేమని చూడక ఊరివారందరితో కలిసి పనిచేయుడి. వంక గట్లమీది తుమ్మలను, కానుగలను వంట చెరకునకు నరుకకుడి. వాన రాకముందే చెరువు మరువయు తూమును చూచి, కట్టలో ఎలుక బొరియ కనబడినను పంచాయతికి తెలియజేయుడి. మన స్త్రీలు ఇంటింట తీయు పిడికెడు బియ్యములో నవంబరు నెలది వేరు కుండలో పోసి, సంఘ పెద్దలయొద్ద ఉంచుడి. ఏ ఊరికి ఆపద వచ్చినను ఆ కుండ మొదట కదలవలెను. లెక్కను క్రిస్మసు ముందు ఆదివారమున సంఘమునకు చదివి వినిపింపవలెను.