తీగలు కనిపించినా సరే



1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం కీచకవధ ఆడింది. ఆ ఊరి పేరే తర్వాత వాళ్ల నాటక సమాజానికి ఇంటిపేరైంది. తాతలు, తల్లులు, పసివాళ్లు, అంతా కలిసి వేదికెక్కే కుటుంబాలు అవి. ఇక వాళ్లు మాయాబజార్ ఆడుతున్నారంటే చూడాలి! నారదుడు గాలిలో తేలి వస్తాడు. బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలుస్తాయి. కాస్త పరికించి చూస్తే తీగలూ కనిపిస్తాయి. అయినా చప్పట్లు ఆగవు. నాకు నచ్చేది ఇదే. అక్కడ మనం మోసపోవడం లేదు. తెలిసే, ఇష్టపడే నమ్ముతున్నాం.

పగలంతా అప్పులవాళ్లతో, పై అధికారితో, ఎండతో వేగినవాడు రాత్రి కాసేపు ఆ మాయాబజార్‌లో ఘటోత్కచుడి పక్షాన నిలబడితే, అది బతుకు నుంచి పారిపోవడమేనా? అవుననే అనుకుందాం. తప్పేముంది? మందు కూడా బాధ మరిపిస్తుంది, కానీ మర్నాడు తలనొప్పి మిగులుతుంది. ఫోనులో వేలు జరుపుతూ గంటలు గడిపితే పక్కనున్న మనిషే గుర్తుండడు. నాటకంలో అలా కాదు. పక్కవాడు నవ్వితే మనకూ నవ్వొస్తుంది. శశిరేఖ దిగులు చూసి, ఇంట్లో పెళ్లీడు కూతురి మనసు అడగాలని ఏ తండ్రికైనా తోచవచ్చు.

అన్నట్టు, మనకు ఊరటనిచ్చే ఆ నాటకమే నటులకు మాత్రం రోజువారీ బతుకు. రంగు కడుక్కుని తెరలు చుట్టాలి, సామాను సర్దాలి.

మీ దగ్గర్లో నాటకమో, బుర్రకథో ఉందని తెలిస్తే పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. తీగలెక్కడున్నాయో వాళ్లే మనకంటే ముందు కనిపెడతారు.