ఆషాఢంలో విత్తనం, కార్తీకంలో వస్త్రం

 

ఈ కరపత్రం మీ చేతికి వచ్చేసరికి ఆషాఢమాసం వచ్చేసి ఉంటుంది. టౌనులో బట్టల షాపుల ముందు తగ్గింపు ఫ్లెక్సీలు కట్టేసి ఉంటారు. ఆటోకు మైకు పెట్టి "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని ఊరూరూ తిరుగుతుంటారు. అదే దినాల్లో మన చేన్లలో ఏం జరుగుతుంటుంది? పదును అయిందా లేదా అని ఆకాశం వైపు చూస్తా ఉంటాం. శనక్కాయ విత్తనానికి, ఎరువుకు, ట్రాక్టరు బాడుగకు దుడ్లు వెతుక్కుంటా ఉంటాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. అది కూడా సమయానికి పడితేనే. రైతింట్లో చేతిలో దుడ్లు లేని నెల ఏదంటే ఆషాఢమే. షాపువాడు మనల్ని గట్టిగా పిలిచే నెల కూడా అదే.

నా సంగతి ముందు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఆషాఢంలో నేను ఒకేసారి ఆరు చీరలు కొన్నాను. మొత్తం 4,800 రూపాయలు అయింది. చవగ్గా వచ్చినాయని ఇంటికి తెచ్చి అందరికీ చూపించుకున్నాను. నాలుగు దినాలకు మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేసి, "అక్కా, వాన పడింది, విత్తనానికి 5,000 తక్కువ పడతాండాయి" అన్నాడు. నా దగ్గర లేవని చెప్పాను. అబద్ధం కాదు, నిజంగానే లేవు. వాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకొని విత్తుకున్నాడు. ఆ ఆరు చీరల్లో రెండు ఇప్పటికీ మడత విప్పలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం ధమ్మంలో ఎక్కడుందా అని వెతుకుతూ వచ్చాను. దొరికింది మీతో పంచుకుంటాను.

అయితే ఒక మాట తేల్చుకోకుండా ముందుకు పోకూడదు. రాయదుర్గం వైపు ఒక పల్లెలో, మన వాడలో, మీటింగు పెట్టి "బట్టలు తక్కువ పెట్టుకుందాం" అని చెప్తుంటే ఒక అవ్వ లేచింది. "ఏమ్మా, మాకు ఒంటిమీదకి గుడ్డ లేని దినాలు నువ్వు సూడలేదు. ఒక కోక ఉతికి ఆరేదాకా ఇంట్లోనే కూచున్నోళ్లం. పెద్దింటోళ్లు పారేసిన పాతవి కట్టుకున్నోళ్లం. ఇప్పుడు నాలుగు కోకలు వచ్చినాయంటే అవి కూడా తీసేయమంటావా?" అని అడిగింది.

ఆ అవ్వ అడిగింది న్యాయమైన ప్రశ్న. బట్ట మనకు ఒట్టి బట్ట కాదు, మర్యాద. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని గుర్తుపట్టేలా చీర కట్టే పాత పద్ధతి మానేయమన్నారు, శుభ్రంగా నిండుగా కట్టుకోమన్నారు. ఆయన సూటు వేసుకొని నిలబడ్డారంటే అది కూడా ఒక జవాబే. పేదరికాన్ని గొప్ప స్థితి అని బుద్ధుడు ఎన్నడూ పొగడలేదని 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో రాశారు. కాబట్టి చినిగిన గుడ్డలు కట్టుకోమని ధమ్మం మనకు చెప్పదు. అవ్వ నాలుగు కోకలు అవ్వకు కావాలి. నేను మాట్లాడేది నా బీరువా గురించి, నాలాగా నెల జీతమో, సంఘం లోనో, ఫోన్‌లో వాయిదాల కొనుగోలో అలవాటైన మనలాంటి వాళ్ల బీరువాల గురించి.

మరి ఎంత ఉంటే చాలు? దీనికి బుద్ధుడు పుస్తకం చూసి జవాబు చెప్పలేదు. వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. రాజగృహం నుంచి వైశాలికి నడిచి పోతుంటే, దారిలో భిక్కులు కొందరు చీవరాల మూటలు తలమీద ఒకటి, భుజం మీద ఒకటి, నడుముకు ఒకటి మోసుకొని వస్తున్నారు. వీళ్లు ఎంత తొందరగా బట్టల మాయలో పడ్డారని ఆయన అనుకున్నాడు. కానీ వెంటనే తిట్టలేదు. వైశాలి చేరాక, మంచు కురిసే చలికాలపు రాత్రి ఆరుబయట ఒక్క వస్త్రంతో కూర్చున్నాడు. మొదటి జాము అయిపోతూనే చలి వేసింది, రెండోది కప్పుకున్నాడు. నడి జాము అయ్యాక మళ్లీ చలి, మూడోది. తెల్లవారుజామున మళ్లీ చలి, నాలుగోది. దాంతో చలి ఆగింది. చలికి తట్టుకోలేని మనిషికి కూడా ఇంత చాలు అని తేల్చుకొని, రెండు పొరల సంఘాటి, ఒంటి పొర పై వస్త్రం, ఒంటి పొర లోపలి వస్త్రం, ఈ మూడు చీవరాల నియమం పెట్టాడు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది మూడు అనే అంకెను కాదు, ఆయన చేసిన పద్ధతిని. తన ఒంటితోనే కొలిచి చూశాడు. చలి వేసినప్పుడు కప్పుకున్నాడు, చలి ఆగినచోట తను కూడా ఆగాడు. వస్త్రం ఎందుకు అనేదానికి ఆయన చెప్పిన కారణాలు కూడా సాదావే: చలి, ఎండ, గాలి, దోమలు, ఈగలు, పురుగూపుట్ర నుంచి కాపాడుకోడానికి, సిగ్గు కప్పుకోడానికి. మనం దానికి ఇంకొకటి కలుపుకోవచ్చు, మర్యాద. ఆ తర్వాత మిగిలేదాన్ని తణ్హ అంటారు. తణ్హకు చలి, ఎండ లేవు. అందుకే దానికి చాలు అనే చోటు రాదు.

నేను గృహస్థురాలిని, నాకు మూడు వస్త్రాలతో జరగదు. మీకూ జరగదు. గృహస్థులకు బుద్ధుడు వేరే కొలత ఇచ్చాడు. అనాథపిండికునికి నాలుగు సుఖాలు చెప్పాడు: న్యాయంగా సంపాదించిన సొమ్ము ఉండడం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, తప్పు చేయని బతుకు బతకడం. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావు అన్నాడు. చూడండి, అనుభవించడం కూడా సుఖమే అన్నాడు, కాదనలేదు. మంచి చీర కట్టుకొని సంతోషపడితే పాపం ఏమీ లేదు. కానీ దాని పక్కనే అప్పు లేకపోవడం పెట్టాడు. కంతు కట్టే దినం గుర్తొచ్చి నిద్ర పట్టని ఆడబిడ్డకు ఈ మూడో సుఖం విలువ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. దీఘజాణు అనే కోలియునికి చెప్పింది కూడా ఇదే. త్రాసు పట్టుకున్నవాడు ఎటు ఎంత మొగ్గిందో చూసుకున్నట్టు, రాబడి ఎంత, ఖర్చు ఎంత అని చూసుకొని బతకమన్నాడు.

ఇప్పుడు కాలం సంగతికి వద్దాం. ఎప్పుడు కొనాలి?

ఆషాఢ పున్నమి మనకు ధమ్మచక్క పవత్తన దినం. వర్షావాసం మొదలయ్యేది కూడా అప్పుడే. భిక్కులు మూడు నెలలు తిరగడం ఆపి ఒకచోట ఉంటారు. ఆశ్వయుజ పున్నమికి వర్షావాసం అయిపోతుంది. అక్కడి నుంచి కార్తీక పున్నమి వరకు ఒక్క నెల కఠిన చీవర దానం. ఉపాసకులు సంఘానికి వస్త్రం ఇచ్చే కాలం అదే.

దీన్ని మన చేను పక్కన పెట్టి చూడండి. వర్షావాసం మొదలైనప్పుడు మనం శనక్కాయ విత్తుతాం. కఠిన మాసం వచ్చేసరికి కాయ పెరుకుతాం. విత్తనం వేసే కాలంలో ఆగడం, పంట చేతికొచ్చాక వస్త్రం గురించి ఆలోచించడం. బుద్ధుని కేలెండర్‌కు అనంతపురం రైతు కేలెండర్‌కు ఇంత దగ్గర పోలిక ఉంది. ఈ రెంటికీ కుదరనిది షాపువాడి కేలెండర్ ఒక్కటే.

అందుకే ఈ ఏడాది మీరు నాతో కలిసి ఒక చిన్న సాధన చేయండి.

ఆషాఢ పున్నమి నాడు త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాక బీరువా తెరవండి. అన్నీ తీసి మంచం మీద వేయండి. పోయిన ఏడాదిలో కట్టుకున్నవి ఒక కుప్ప, కట్టుకోనివి ఒక కుప్ప, బాగు చేసుకుంటే పనికొచ్చేవి ఇంకొక కుప్ప. నేను మొదటిసారి లెక్క పెడితే 63 చీరలు తేలినాయి. కట్టుకున్నవి 17. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు.

తర్వాత వర్షావాసం మూడు నెలలూ కొత్త బట్ట కొనకండి. పిల్లల స్కూలు బట్టలు, బాలింతకు, చావు ఇంటికి కావాల్సినవి దీనికి మినహాయింపు. కొనాలని మనసు లాగినప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఏం కావాలనిపించింది, ఎప్పుడు, ఎందుకు. దీన్నే సతి అంటాం. మనసును కొట్టడం కాదు, చూడడం. నా పుస్తకంలో ఎక్కువసార్లు రాసి ఉన్నది "పక్కింటామె కట్టుకుంది" అనేదే. కార్తీకానికి ఆ పట్టీలో సగం పైన నేనే కొట్టేశాను.

పంట అమ్మినాక, ఆ పట్టీలో మిగిలినవి ఒక్కసారే, నగదుతోనే కొనండి. మళ్లీ ఉగాదికి ముందు, మన ఎండలకు తగ్గ నూలు బట్టలు ఒకటి రెండు. ఏడాదికి ఆ రెండు సార్లు చాలు. ధమ్మ దీక్షా దినానికి, ఏప్రిల్ 14 జయంతికి, బుద్ధ పున్నమికి ఒక్క తెల్లచీర, ఒక్క తెల్లచొక్కా ఉతికి దాచుకోండి. ప్రతి ఏడూ జయంతికి బొమ్మ అచ్చేసిన కొత్త టీషర్టులు పంచే అలవాటు మన సంఘాలకే ఉంది. ఆ దుడ్లతో పదిమంది పిల్లలకు పుస్తకాలు వస్తాయి. ఈ మాట మన కార్యకర్తలకు కోపం తెప్పించినా చెప్పక తప్పదు.

కొనేటప్పుడు తక్కువ రేటు ఒక్కటే చూడకండి, ఎవరు చేశారో కూడా చూడండి. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు, రాయదుర్గంలో జీన్స్ కుట్టే మిషను ముందు పీసు లెక్కన పనిచేసే చెల్లెలు, ఇద్దరూ మనవాళ్లే. మనం తక్కువ కొంటే వాళ్ల కడుపు కొట్టినట్టు కాదా అని అడుగుతారు. చవక రేటుకు అయిదు కొనే బదులు సరైన రేటుకు ఒకటి కొంటే వాళ్లకు కూలి గిడుతుంది, మనకు పదేళ్లు నిలుస్తుంది. ఇంకొకటి. ఒక జీన్స్ ప్యాంటు తయారు కావడానికి, పత్తి పండించినప్పటి నుంచి లెక్కేస్తే, సుమారు 7,500 లీటర్ల నీళ్లు పడతాయని ఐక్యరాజ్యసమితి చెప్తున్న లెక్క. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన మనకు ఆ అంకె అర్థం కావాలి.

ఇంట్లో మిగిలిన వాటి సంగతి? ఉదేన రాజు అంతఃపురం స్త్రీలు ఆనందునికి 500 వస్త్రాలు దానం ఇచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు అడిగాడు. చీవరాలు చినిగిన భిక్కులకు పంచుతాం అన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు అవుతాయి. ఆ తర్వాత? కింద పరుచుకుంటాం, కాళ్లు తుడుచుకుంటాం, దుమ్ము దులుపుతాం, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి గోడకు, నేలకు పూస్తాం అన్నాడు. మన అవ్వలు చీరలతో బొంతలు కుట్టింది ఈ ధమ్మమే. అయితే దానం ఇచ్చేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి. మనం పాతగుడ్డలు పుచ్చుకున్నవాళ్ల బిడ్డలం. మీరు కట్టుకోడానికి సిగ్గుపడేది ఇంకొకరికి ఇవ్వకండి. ఉతికి, ఇస్త్రీ చేసి, కూర్చోబెట్టి ఇవ్వండి. చినిగినవి బొంతకు పోవాలి.

గుత్తికి దగ్గర్లోనే కర్నూలు జిల్లా ఎర్రగుడి ఉంది. వీలైతే ఒక ఆదివారం పిల్లలతో పోండి. అక్కడి బండల మీద అశోకుడు 2,200 ఏళ్ల కింద చెక్కించిన శాసనాలున్నాయి. అందులో మూడో శాసనం తల్లిదండ్రుల మాట వినడం, మిత్రులకు బంధువులకు శ్రమణులకు దానం చేయడం, ప్రాణులను చంపకపోవడం మంచిది అని చెప్పి, చివర్లో తక్కువ ఖర్చు, తక్కువ కూడబెట్టడం మంచిది అంటుంది. ముందు ఇవ్వడం చెప్పి, ఆ తర్వాతే తగ్గించుకోవడం చెప్పాడు. ఇవ్వడానికి చేతిలో ఏదో ఒకటి మిగలాలి కదా.

పోయిన ఆషాఢంలో మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నా దగ్గర 5,000 ఉన్నాయి. ఇచ్చాను. వాన సరిగ్గా పడలేదు, కాయ అంతంత మాత్రమే వచ్చింది. కానీ ఆ ఏడు వాడికి వడ్డీ లేదు. ఆ సంగతి తల్చుకుంటే నాకు కలిగే సుఖం ఏ పట్టుచీర కట్టుకున్నా కలగలేదు.

మీ ఇంట్లో కూడా ఈ ఆషాఢంలో ఎవరో ఒకరి ఫోన్ వస్తుంది. బీరువా తెరిచేముందు అది గుర్తు చేసుకోండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.