ఒక చావుకు ఒకే కారణమా?

మనిషి ప్రవర్తనను ముక్కలుగా విడదీసి చూడాలా, సమగ్రంగా చూడాలా అన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత వాదమే. అనంతపురం పల్లెల్లో అది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. వేరుశనగ ఎండుతుంది, బోరులో నీళ్ళు పడవు, అప్పు మిగులుతుంది.

రైతు ప్రాణం తీసుకుంటే, 2004 నాటి జీ.వో. 421 ప్రకారం రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులు కారణం విచారించేవారు. సేద్యపు అప్పు అని తేలితే లక్షన్నర సాయం. కుటుంబ కలహమని తేలితే సాయం లేదు. మరి ఆ కలహం బోరు అప్పు దగ్గరే మొదలైతే దాన్ని ఏ గడిలో రాయాలి? వైద్యుడు కుంగుబాటు అంటాడు. నిజమే, మందూ అవసరమే. కాని మందుతో బాకీ తీరదు కదా!

“ఈమాన్ బలహీనత” అని ఒక్క మాటతో తేల్చేసే మనం చేస్తున్నదీ ఇదే పని. ఆత్మహత్య హరామ్, సందేహం లేదు. అయితే జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులనూ దివ్య ఖుర్‌ఆన్ చేర్చింది. ఒక రుణగ్రస్తుని జనాజా నమాజు చేయించకుండా దైవప్రవక్త (సల్లం) ఆగిపోయినప్పుడు, ఆ అప్పు తాను తీరుస్తానని అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చారు. ఆ తరువాతే నమాజు జరిగింది.