అల్పాయువు – వర్ణన

అల్పకాలం నిలిచే వస్తువులను వర్ణించటం మన కవులకు పరిపాటి. మంచుబిందువు, ఇంద్రధనుస్సు, రాలిపోయే పువ్వు – వీటిపై జాలిపడనివాడు కవి కాడన్నంత వరకు వచ్చింది. భావకవిత్వం నుంచి మనకు సంక్రమించిన ఈ అభిరుచిని చాలాకాలం నేనూ ప్రశ్నించలేదు.

నిరుడు, కొద్దికాలమే నిలిచేదాన్ని వర్ణించమని నా విద్యార్థులకు వ్యాసం ఇచ్చాను. దాదాపు అందరూ పూలను గురించి రాశారు. ఒక్కడు మాత్రం నిజాంపేటలో తన వీధిచివర, అపార్టుమెంటు కట్టే కూలీల రేకుల గుడిసెలను గురించి రాశాడు. గుడిసెకు ఎన్ని రేకులో, నీళ్ళ డ్రమ్ము ఎక్కడుండేదో, ఒక కప్పుమీదికి పాకించిన సొరపాదు పూతకు రాకముందే రేకులెలా విప్పారో రాశాడు. "సమాచారమే గాని వర్ణన లేదు" అని ఎర్రసిరాతో రాసి మార్కులు తగ్గించాను.

తప్పు నాదే. ఎందుకో చెప్పాలి.

అల్పాయువంతా ఒకటి కాదు. మంచుబిందువు ఎండకు ఆరిపోతుంది, అది ప్రకృతి. బతుకమ్మను పేర్చిన చేతులే నీట విడుస్తాయి. మరుసటి ఏడు తంగేడు, గునుగు పూసినప్పుడు ఆ చేతులే మళ్ళీ పేరుస్తాయి. అది వారి ఇచ్ఛ. కూలీ గుడిసె మాత్రం పరుల నిర్ణయంతో మాయమవుతుంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం, 34వ సెక్షన్‌లో, యజమాని వారికి ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలన్నది. పని ముగిశాక దాన్ని తొలగించి, నేలను చదునుచేసి శుభ్రపరచాలని కూడా అన్నది. హక్కును ఇచ్చిన చట్టమే దాని ఆయువునూ కొలిచింది. ఇల్లు కట్టినవాని ఇంటి ఆనవాలు మిగలకపోవటమే అక్కడ శుభ్రత!

ఈ మూడింటినీ ఒకే నిట్టూర్పుతో వర్ణిస్తే, మనుషులు చేసిన పని ప్రకృతి చేసినట్లు కనబడుతుంది. సర్వం అనిత్యమన్న వేదాంతం గుడిసె విప్పించినవాని పక్షాన సాక్ష్యం చెబుతుంది.

కారణం చెబితే కవిత్వం నినాదమైపోదా అని కొందరడుగుతారు. ఆ విద్యార్థి ఒక్క నినాదమూ రాయలేదు. సొరపాదును చూశాడు, అంతే. కవులు పూలను విడిచిపెట్టాలనీ నేననను. పువ్వును ప్రేమించనివానికి ఆ సొరపాదు కనబడనే కనబడదు. అయితే ఒకటి ఎంతకాలం నిలిచిందో చెప్పిన రచయిత, అది ఎవరి నిర్ణయంతో ముగిసిందో కూడా చెప్పాలి.

మొన్న ఆ వీధికి వెళ్ళాను. నేల చదునుగా ఉంది. కార్లు నిలిపి ఉన్నాయి. అక్కడ గుడిసెలుండేవనటానికి నాకు తెలిసిన సాక్ష్యం ఆ విద్యార్థి కాగితమొక్కటే. దానిమీద నా ఎర్రసిరా ఉంది.